చుక్కలు పెట్టిన చోట

1991 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ నుంచి ముగ్గురు కుర్రాళ్ళు తమ మొదటి ఆల్బం తెచ్చారు. బృందం పేరే ఆల్బం పేరు కూడా: సైప్రెస్ హిల్. బి-రియల్ తండ్రి మెక్సికన్, తల్లి క్యూబన్. సెన్ డాగ్ క్యూబాలో పుట్టి చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళతో వలస వచ్చినవాడు. సంగీతం కూర్చిన డి.జె. మగ్స్ న్యూయార్క్ నుంచి వచ్చినవాడు. సౌత్‌గేట్ అనే పారిశ్రామిక పట్టణంలో వాళ్ళు కలిసి తిరిగిన సైప్రెస్ వీధి పేరునే బృందానికి పెట్టుకున్నారు. ఆ ఊళ్ళో ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ 1980లోనూ, జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1982లోనూ మూతపడ్డాయి. పని పోయిన ఊరు, చేతికి అందే తుపాకి, ఎప్పుడు పడితే అప్పుడు ఆపి ఒళ్ళు తడిమే పోలీసు... ఆల్బం నిండా ఇదే. మొదటి పాటే పోలీసుల మీద. రాడ్నీ కింగ్‌ని పోలీసులు రోడ్డు మీద చావబాదిన దృశ్యాన్ని ప్రపంచమంతా టీవీలో చూసింది ఆ ఏడాది మార్చిలోనే.

ఈ ఆల్బం నాకు ఇష్టం. చాలా ఏళ్ళుగా వింటున్నాను. స్త్రీవాద వ్యాసం ఇలా మొదలైతే కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు. తుపాకులూ గంజాయీ మగబింకమూ నిండిన ఈ పాటల్లో ఆడమనిషి దాదాపు కనిపించదు. అదే కాలపు మరికొన్ని హార్డ్‌కోర్ ర్యాప్ ఆల్బంలలో లాగా పాటపాటకీ మనల్ని ఈడ్చి కొట్టరు, నిజమే. కానీ లెక్కలోకీ తీసుకోరు. తిట్టడం, లెక్కచెయ్యకపోవడం – ఈ రెంటిలో ఏది నయమో తేల్చుకోవడం మనకేమీ కొత్త పని కాదు కదా!

మరి ఎందుకిష్టం? భాష వల్ల. 'లాటిన్ లింగో' అనే పాటలో ఇంగ్లీషూ స్పానిష్ ఒకే వాక్యంలో ఒకదాని భుజాన ఒకటి చెయ్యి వేసుకుని నడుస్తాయి. 'త్రెస్ ఎకిస్' అనే పాటకి స్పానిషే ఆధారం. అర్థం కానివాళ్ళ కోసం ఆగరు, వివరించరు, క్షమాపణ అడగరు. కాలిఫోర్నియా 1986లో ఓటు వేసి మరీ ఇంగ్లీషుని అధికార భాష చేసుకున్న రాష్ట్రం. 1998లో ఇంకో ఓటుతో బడుల్లో ద్విభాషా బోధనని చాలావరకు తీసేసింది. దాన్ని రద్దు చేసుకోవడానికి 2016 దాకా పట్టింది. అలాంటి చోట ఇంటిమాటని వీధిలోకి తెచ్చి, అదీ బతిమాలే గొంతుతో కాకుండా బెదిరించే గొంతుతో పలకడం చిన్న సంగతి కాదు.

నేను పెద్దపంజాణి మనిషిని. పుంగనూరుకీ పలమనేరుకీ మధ్య ఉండే మండలం. కర్ణాటకా తమిళనాడూ రెండూ దగ్గరే. మా సంతల్లో టమాటా బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. పట్టుగూళ్ళ బేరంలో దక్కనీ ఉర్దూ వినపడుతుంది. పెళ్ళి సంబంధాలు తమిళం మాట్లాడే ఊళ్ళకీ పోతాయి. 'ఏమ్మే, యాడికి పోతావుండావు?' అనే మాట యూనివర్సిటీ హాస్టల్లో నోరుజారితే చుట్టూ నవ్వులు లేచేవి. గ్లోరియా అంజాల్దువా తన 1987 నాటి 'బోర్డర్‌ల్యాండ్స్'లో సరిహద్దు మనుషుల నాలుక గురించి రాసింది చదివినప్పుడు టెక్సాస్ నాకు చాలా దగ్గర్లో ఉన్నట్టనిపించింది. అదే పుస్తకంలో ఆమె ఇంకో సంగతి గమనిస్తుంది: నోరున్న ఆడదాన్నీ, ఎదురు మాట్లాడేదాన్నీ, చాడీలు చెప్పేదాన్నీ తిట్టడానికి స్పానిష్‌లో ఉన్న మాటలు మగవాళ్ళ మీద వాడగా తానెప్పుడూ వినలేదంటుంది. మన 'గయ్యాళి'కి పుంలింగం ఉందా? 'బజారుది' ఉంది గానీ, బజారులోనే పొద్దు పుచ్చే మగవాడికి ఆ మాట లేదు.

అంటే అవమానం పాలైన ఒక భాష తలెత్తుకుంటున్నప్పుడు, ఆ భాషలోని ఆడవాళ్ళ మీది అవమానాలు కూడా దాంతోపాటే తలెత్తుకుంటాయి. సెన్ డాగ్ సొంత తమ్ముడు మెల్లో మ్యాన్ ఏస్ సంగతే చూడండి. అతని మొదటి ఆల్బం 'ఎస్కేప్ ఫ్రమ్ హవానా' 1989లో వచ్చింది. అందులోని పాట 1990లో అమెరికా మొత్తం జాబితాలో 14వ స్థానం దాకా ఎక్కింది. ఇంగ్లీషూ స్పానిష్ కలిపిన ర్యాప్ అంత పెద్ద ఎత్తున జనంలోకి పోవడం అదే మొదలు. ఆ పాట పేరు 'మెంతిరోసా'. అబద్ధాలకోరు అని అర్థం, స్త్రీలింగంలో. ఒక వలస జాతి తన రెండు నాలుకలతో తొలిసారి రేడియోనిండా మాట్లాడింది, మాట్లాడి ఒక ఆడమనిషిని అబద్ధాలకోరు అంది. పాట సరదాగానే ఉంటుంది. నన్ను ఆపేది ఆ సరదానే.

ఇక్కడ ప్రశ్న నీతికి సంబంధించింది. మనల్ని పక్కన పెట్టి కట్టిన ధిక్కారాన్ని మనం ప్రేమించవచ్చా? ప్రేమిస్తే మన మీద మనం ఏం చేసుకుంటున్నట్టు?

అమెరికాలో ఈ ప్రశ్నకి మంచి జవాబులు వచ్చాయి. 1990లో టూ లైవ్ క్రూ అనే నల్లజాతి బృందం ఆల్బం అశ్లీలమని ఫ్లోరిడాలో ఒక న్యాయమూర్తి తీర్పిచ్చాడు. పై కోర్టు 1992లో దాన్ని కొట్టేసింది. ఆ పాటలు నల్లజాతి మౌఖిక సంప్రదాయంలో భాగమని పండితులు సాక్ష్యం చెప్పారు. కింబర్లీ క్రెన్‌షా 1991లో రాసిన వ్యాసంలో ఆ రెండు పక్షాలనీ కాదంది. నల్లజాతి కుర్రాళ్ళనే ఎంచుకుని బోనెక్కించడం జాత్యహంకారమే. కానీ అదంతా హాస్యం, సంప్రదాయం అని సమర్థించేటప్పుడు ఆ హాస్యానికి సరుకైన నల్లజాతి స్త్రీ దేహం సంగతేమిటని అడిగింది. జోన్ మోర్గన్ 1999లో 'హిప్‌హాప్ ఫెమినిజం' అని పేరు పెట్టి, ఇష్టాన్నీ విమర్శనీ ఒకే గుండెలో మోయక తప్పదంది. నేను వీటితో ఏకీభవిస్తాను. కానీ ఏకీభవించి ఊరుకుంటే ఒక సౌకర్యం ఉంది: ప్రశ్న అమెరికాలోనే ఉండిపోతుంది.

అది అక్కడే ఎందుకు ఉండిపోకూడదో చెప్తాను. నా పరిశోధన మా సరిహద్దు మండలాల స్త్రీల మౌఖిక రూపాల మీద. కొన్నేళ్ళ క్రితం ఒక సెమినార్‌లో స్త్రీల శాపనార్థాలనీ హార్డ్‌కోర్ ర్యాప్‌నీ పక్కపక్కన పెట్టి ఒక పత్రం చదివాను. బాగుందన్నారు. సంకలనం అచ్చయి వచ్చాక చూస్తే మా ఊరి ఆడవాళ్ళ మాటలున్న ప్రతిచోటా చుక్కలు. ఒక పేజీలో అయితే వాక్యాల కంటే చుక్కలే ఎక్కువ. ర్యాప్ పాటల పేర్లూ వాటిలోని పచ్చి మాటలూ మాత్రం తెలుగు లిపిలో చక్కగా అచ్చయ్యాయి. ఎందుకని అడిగితే 'అది పరభాష కదండీ, సందర్భం ఉంది' అన్నారు. సందర్భం మా వీధికి లేదన్నమాట!

ఆ చుక్కల వెనక ఏముందో చూడాలి. మావైపు ఎవరన్నా అన్యాయం చేస్తే, పంచాయతీకి పోయినా పని కాకపోతే, ఆడమనిషి వాళ్ళ వాకిటి ముందుకు పోయి నిలబడుతుంది. వంగి రెండు చేతులా మన్ను ఎత్తి పోస్తుంది. 'దుమ్మెత్తి పోయడం' అనే మాటని మనం పత్రికల్లో విమర్శ అనే అర్థంలో వాడి వాడి అరగదీశాం. అక్కడ అది నిజంగా మన్నే. ఆ మన్నుతోపాటు మాటలు: 'నా బిడ్డ నోటికాడి కూడు లాగేస్తివి గదరా, నీ చేతులు పడిపోను. నీ ఇల్లు గుల్లగాను. నీ నోట్లో మన్నుపడ. నిన్ను పాడెమింద మొయ్య.' దానికి లయ ఉంటుంది. ఊపిరి తీసుకునే చోటు ఉంటుంది. వాక్యం చివర క్రియ దెబ్బలా పడుతుంది. వీధిలో ఇంకో ఆడమనిషి ఎదురు నిలబడితే రెండు గొంతులూ వంతులేసుకుని గంటసేపు నడుస్తాయి. ర్యాప్ బ్యాటిల్ అంటే ఏమిటో వివరించడానికి మా విద్యార్థులకి నేను అమెరికా ఉదాహరణ ఇవ్వనక్కర్లేదు.

గమనించండి, ఇవి బూతులు కావు. బూతుకీ శాపనార్థానికీ తేడా ఉంది. మన బూతు దాదాపు అంతా ఆడదాని ఒంటి మీదుగా నడుస్తుంది. మగవాణ్ణి తిట్టాలన్నా వాడి తల్లిని పిలవాలి. 'లంజకొడుకు', 'తొత్తుకొడుకు', 'ముండాకొడుకు' – మూడింటిలోనూ తప్పు చేసినవాడు కొడుకు, దెబ్బ తగిలింది తల్లికి. ముండ అంటే తల గొరిగించుకున్నది, అంటే మొగుడు చచ్చింది. తొత్తు అంటే దాసీది. ఒకామె వైధవ్యం, ఒకామె వెట్టిచాకిరీ మనకి తిట్టుపదాలయ్యాయి. శాపనార్థం ఇలా కాదు. చేసినవాడి చేతుల మీదికే, నోటి మీదికే, ఇంటి మీదికే పోతుంది. వ్యాకరణవేత్తలు ఈ క్రియారూపానికి పెట్టిన పేరు ఆశీరర్థకం. 'నీ ఇల్లు బంగారంగాను' అన్నా 'నీ ఇల్లు గుల్లగాను' అన్నా క్రియ ఒక్కటే. దీవించే నోటికీ శపించే నోటికీ భాష వేరువేరు ప్రత్యయాలు ఇవ్వలేదు.

సైప్రెస్ హిల్ పాటల్లో బాగా పేరు పొందినవాటిలో ఒకటి 'హౌ ఐ కుడ్ జస్ట్ కిల్ ఎ మ్యాన్'. దాన్ని హింసని పొగిడే పాటగా చాలామంది తీసేశారు. ఆ పేరులోని 'కుడ్' అనే చిన్న క్రియని నేను పట్టుకుంటాను. చంపాను అనడం లేదు, చంపుతాను అనడం లేదు. చంపగలిగే చోటికి ఒక మనిషి ఎలా చేరతాడో చూడు అంటున్నాడు. ఆ పాట పాడిన బి-రియల్ 1988లో తుపాకి గుండు ఊపిరితిత్తిలో దిగి బతికి బయటపడ్డవాడు. మా శాపనార్థమూ అంతే, జరగాలని కోరే క్రియ, జరిగిన క్రియ కాదు. కానీ ఒక పెద్ద తేడా: ఆ పాట వెనక ఒక చెయ్యీ ఆ చేతికి ఆయుధమూ ఉన్నాయి. మన్నెత్తి పోసే ఆడదాని చేతిలో మన్నే ఉంది. 'గాను', 'పడ', 'మొయ్య' – చేసేది తాను కాదు. దేవుడో కాలమో చెయ్యాలి.

అందుకే కొందరు స్త్రీవాద మిత్రులు శాపనార్థాన్ని ఒప్పుకోరు. ఏమీ చెయ్యలేనివాళ్ళ ఓదార్పు అంటారు. ఆవిరి పోయే చిల్లు అంటారు. సాయంత్రానికి ఆమె చల్లబడి అదే ఇంటికి కూలికి పోతుందంటారు. పోతుంది కూడా. కానీ శాపనార్థం వీధిలో జరుగుతుంది. నలుగురూ వినాలనే జరుగుతుంది. ప్రతి శాపానికి ముందు ఒక అభియోగం ఉంటుంది: ఫలానా నాడు బోరు నీళ్ళు ఆపేస్తివి, ఫలానా రాత్రి నా కూతురి చెయ్యి పట్టుకుంటివి. పోలీసు స్టేషన్లో రాసుకోని ఫిర్యాదు అక్కడ ఊరంతటి చెవుల్లో నమోదవుతుంది. సంకలనంలో చుక్కలు పెట్టినవాళ్ళు బూతు అనుకుని ఫిర్యాదుని కొట్టేశారు.

అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోలేను. శాపనార్థాల్లో ఒకటుంది, 'నీ పెండ్లాం తాడు తెగ'. మగవాడు చావాలని కోరడానికి అతని భార్య మెడలోంచి పోయే దారి. పొలం గట్టు తగాదాలో ఆ మాట అన్న ఒకామెని అడిగాను, నీ గొడవ అతనితో కదా, ఆమె తాడెందుకని. 'వాడు సచ్చినా వానికేం తెలస్తాదిమే? తెలిసేది దానికే గదా' అంది. ఎంత కచ్చితమైన సామాజిక విశ్లేషణ! ఎంత క్రూరం! ఇంకో ఆడదాన్ని శపించాల్సి వస్తే గొడ్రాలితనమూ వైధవ్యమూ తప్ప వేరే ఊసుండదు. పితృస్వామ్యం దేన్ని అన్నిటికంటే పెద్ద నష్టం అంటుందో దాన్నే కోరుతుంది. కనుక మన సొంత హార్డ్‌కోర్ కూడా శుద్ధమైంది కాదు. కాకపోతే అందులో ఒక సగం మన దేహాలతో పని లేకుండా కోపాన్ని చెప్పగలదు. ఆ సగం బూతుకి లేదు.

మగవాళ్ళ బూతుకి మనం ఆచారంలో సైతం చోటిచ్చాం. తిరుపతి గంగజాతరలో వేషం కట్టినవాళ్ళు ఎదురొచ్చినవాళ్ళని బూతులు తిట్టడం ఆచారం. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి గంగమ్మ రోజుకో వేషంలో వెతికి తల నరికిన కథ దాని వెనక ఉంది. చీర కట్టి, జడ వేసి, పసుపు పూసుకుని వచ్చే మగవాళ్ళ మొక్కు చూసి పండితులు అబ్బురపడతారు. నాకూ ఆ జాతర ఇష్టమే. కానీ కథలో కోపం ఆడదానిది, వీధిలో బూతు పట్టే నోరు ఎక్కువగా మగవాడిది. మన్నెత్తి పోసే ఆడదానికి ఏ పండగా లేదు. ఆమెకి ఉన్నది 'గయ్యాళి' అనే పేరు. కులం పేరు కలిపి ఇంకో పేరు కూడా ఉంటుంది. ఎందుకంటే పై కులాల ఇళ్ళలో ఆడవాళ్ళు వాకిలి దాటి శపించరు. దాన్ని వాళ్ళ సంస్కారం అంటారు. వాళ్ళ కోపం ఎక్కడికి పోతుందో వేరే వ్యాసం రాయాలి.

మర్యాద పేరుతో నోరు మూయడంలో ఆడవాళ్ళూ చెయ్యి వేస్తారు. దీనికి మళ్ళీ స్పానిష్ లోకానికే పోవాలి. 1995లో పోర్టోరికోలో పోలీసులు శాన్ వాన్‌లోని మ్యూజిక్ షాపుల మీద పడి ర్యాప్ క్యాసెట్లు పట్టుకుపోయారు. అశ్లీలం అన్నారు. 2002లో వెల్దా గొంజాలెస్ అనే సెనేటర్, ఒక స్త్రీ, రెగ్గెటోన్ వీడియోల మీద ఉద్యమమే నడిపింది. ఆడవాళ్ళని వస్తువులుగా చూపిస్తున్నారన్నది ఆమె అభ్యంతరం, అది అబద్ధం కాదు. అదే కాలంలో ఆ రంగంలో మగవాళ్ళ మధ్య నిలబడి పాడుతున్న మనిషి ఐవీ క్వీన్. ద నాయిజ్ అనే బృందంలోంచి వచ్చి 1997లో 'ఎన్ మి ఇంపీరియో' అనే తన తొలి ఆల్బం తెచ్చింది. నా సామ్రాజ్యంలో అని అర్థం. గరుకు గొంతు, పోట్లాటకి దిగే ర్యాప్, కరీబియన్ లయ. 2003లో ఆమె 'కియెరో బైలార్' పాడింది: నీతో నాట్యం చేస్తానంటే నీ పక్కలోకి వస్తానని కాదు అని సారాంశం. సెనేటర్ మూయాలనుకున్న ఆ డాన్సు ఫ్లోర్ మీదే, ఆ లయలోనే, సమ్మతి అంటే ఏమిటో ఒక తరం ఆడపిల్లలు పాడుకున్నారు. ఆమె శుభ్రమైన వేరే చోటు వెతుక్కోలేదు.

ఇది మనకి తెలియని కథా? దేహం గురించి రాస్తే 'నీలి కవిత్వం' అన్నారు. 1993 నాటి సంకలనం 'నీలిమేఘాలు' అనే పేరే ఆ మాటకి జవాబులా అనిపిస్తుంది. ఆ గెలుపు మనది. కానీ ఆ గెలుపు ఎక్కువగా చదువుకున్న భాషలో వచ్చింది. వాకిటి ముందు మన్నెత్తే భాష సాహిత్యంలోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మా చిత్తూరు మాటని నామిని కథల్లో తెలుగు వాళ్ళు తలకెత్తుకున్నారు, ఆ మాటలో చాలా భాగం వాళ్ళమ్మదే అయినా. మదనపల్లె వైపు నుంచి ఎండపల్లి భారతి 'ఎదారి బతుకులు' తెచ్చాకే ఆ నోరు తన కథ తాను చెప్పుకోవడం చూశాం.

తెలుగింటి నుంచి ర్యాప్‌లోకి వెళ్ళి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న స్త్రీ రాజకుమారి. అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో పుట్టింది, కూచిపూడీ భరతనాట్యమూ ఒడిస్సీ నేర్చుకుంది. 2017లో ముంబై ర్యాపర్ డివైన్‌తో 'సిటీ స్లమ్స్' చేసింది, 2023లో తొలి పూర్తి ఆల్బం 'ద బ్రిడ్జ్' తెచ్చింది. మగవాళ్ళ కోటలో బొట్టూ నగలతో నిలబడి అంత ధాటిగా పలకడం నాకు గర్వంగానే ఉంటుంది. కానీ ఇంటి నుంచి ఆమె పాటలోకి వచ్చింది నాట్యపు లయ, దేవత రూపం. సెన్ డాగ్ ఇంటి నుంచి తెచ్చుకున్నది వీధి స్పానిష్. కొడుకులు వీధిని వెంట తీసుకుపోగలరు. కూతురికి మూటగట్టి ఇచ్చేది సంస్కృతి! ఇది ఆమె లోపం అనను. ఏ సరుకుకి ఎవరి చేతిలో అనుమతి ఉందో చూడమంటున్నాను.

ఈ మధ్య మా వీధిలో, శపించడంలో పేరున్న ఒక ముసలామెకి 'లాటిన్ లింగో' వినిపించాను. ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో. కళ్ళు మూసుకుని విన్నది. తల ఊపింది. నోరు బాగుందంది.

'ఎవుర్ని తిడతా ఉండాడు మే?'

ఎవర్నీ కాదవ్వా, తన గొప్ప చెప్పుకుంటున్నాడు అన్నాను.

'ఎవురూ ఏమీ జెయ్యకుండానే అంత నోరా?' అని ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

ఇంకో పాట ఉంది, అది పోలీసులని అని చెప్పాను.

'పోలీసోళ్ళనా?' అంది. కాసేపు ఆలోచించి మళ్ళీ చెయ్యి చాపింది. 'ఏందీ, అది పెట్టు.'